వారం మధ్యలో అరగంట వంట, చేతికి అందే ఖర్చు: మీ ఇంట్లో నిజంగా ఎలా నడుస్తోంది?

రోజుకోకూర:
అందరికీ నమస్కారం. ఇంట్లో మేమిద్దరం, బడికెళ్లే పిల్లలిద్దరు. ఇద్దరం ఉద్యోగాల నుంచి వచ్చేసరికి ఓపిక సగం హరించుకుపోతుంది. వచ్చిన అరగంటకల్లా కంచాల్లో వడ్డించాలి, పొద్దున్న డబ్బాలు కూడా అందులోంచే రావాలి. బయటి నుంచి తెప్పించుకోవడం తగ్గించాలని గట్టిగా అనుకున్నాం, ఎందుకో చెప్పక్కర్లేదు.

నెట్‌లో "15 నిమిషాల్లో రెడీ" అని ఉన్న ఏ వంటకం చూసినా, ముందుగా తరిగిన ఉల్లిపాయలు, ముందుగా ఉడికించిన పప్పు, ముందుగా నానబెట్టిన గింజలు. ఆ ముందుగా చేసిపెట్టే మహానుభావుడు ఎవరో మా ఇంట్లో మాత్రం లేడు. నాకు వంటకాల చిట్టా వద్దండి. మీ ఇంట్లో అలిసిపోయి వచ్చిన రోజు ఏం చేస్తారో అది చెప్పండి చాలు.

గరిటెపట్టినవాడు:
మీరు ఎగతాళిగా అన్నారు గానీ అసలు కిటుకంతా ఆ "ముందుగా"లోనే ఉంది. పొయ్యి మీద ఉడకడానికి పట్టే టైము పెద్ద లెక్కలోది కాదు. ఏం వండాలో తేలక ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడేది కొంతసేపు, తరిగేది కొంతసేపు, ఖాళీ గిన్నె కోసం సింకులో ఉన్నది తోముకునేది ఇంకొంతసేపు. అరగంట అక్కడే పోతుంది.

మా ఇంట్లో వంట నాదే. సెలవు రోజున ఒకే ఒక్క పని చేస్తాను. వంటకాలు చేసిపెట్టను, వాటికి పునాది మాత్రం చేసిపెడతాను. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెడల్పాటి మూకుడులో నూనె వేసి, చిటికెడు ఉప్పుతో మగ్గించడం. మొదట్లో ఉల్లిలోంచి నీళ్లు ఊరతాయి, మూకుడంతా బుసబుసమంటుంది. ఆ నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, అందుకే ఎంత కలిపినా తెల్లగానే ఉంటుంది. చప్పుడు తగ్గి, బుస కాస్తా చిటపటలోకి మారిందంటే నీరు అయిపోయినట్టు. రంగు తిరిగేది అక్కడి నుంచే. అప్పుడు మంట తగ్గించి, గరిటెతో అడుగు గీకుతూ ఉండాలి. బంగారు రంగు వచ్చాక వెల్లుల్లి, ఆ తర్వాత టమాటాలు. టమాటా దగ్గరపడి నూనె అంచుల్లో తేలితే దింపేయడమే.

కారాలు, మసాలాలు ఏమీ వేయను. వేస్తే అది ఒక కూరకి కట్టుబడిపోతుంది. మామూలుగా ఉంచితే ఒకరోజు అందులో గుడ్లు పగలగొట్టి మూతపెట్టొచ్చు, ఇంకోరోజు ఉడికిన శనగలు వేయొచ్చు, మరోరోజు పలచగా చేసి పాస్తాకి పట్టించొచ్చు. గుడ్ల సంగతైతే, ముద్ద వేడెక్కాక గుంటలు చేసి గుడ్లు వదిలి మూతపెడితే ఆరేడు నిమిషాల్లో తెల్లసొన గట్టిపడుతుంది. తినేవాళ్లు చేతులు కడుక్కుని వచ్చేలోపు అయిపోతుంది.

చల్లపెట్టె:
గరిటె గారి మాటకి నూటికి నూరు. ఒక్కటి కలుపుతాను. ఆ ముద్దని డబ్బాలో గడ్డకట్టిస్తే వాడే రోజు కరగడానికే అరగంట. అదే జిప్ సంచిలో వేసి, గాలి తీసేసి, పుస్తకం అట్టంత పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. కావాల్సినంత విరుచుకుని నేరుగా మూకుడులో వేసుకోవచ్చు. సంచి మీద తేదీ రాయండి. రాయకపోతే అది ఎప్పటిదో దేవుడికే తెలియాలి.

ఇద్దరమే:
కిలో ఉల్లిపాయలు మాకు ఎన్ని రోజులకి అవుతాయండీ? ఇక్కడ రాసేవాళ్లంతా నలుగురైదుగురున్న ఇళ్లవాళ్లే. ఇద్దరి వంట వేరు. క్యాబేజీ ఒకటి కొంటే వారమంతా అదే కనిపిస్తుంది. వంటకాలన్నీ నలుగురి కొలతలో ఉంటాయి. సగం చేస్తే చాలనుకుంటాం, కానీ అదే పెద్ద మూకుడులో సగం నీళ్లు పోస్తే చూస్తుండగానే ఇగిరిపోయి అడుగంటుతుంది. కొలత సగం అయినంత మాత్రాన టైము సగం అవదు, నీళ్లు కూడా సరిగ్గా సగం సరిపోవు. ఇద్దరికి వండేవాళ్లు ముందు చిన్న గిన్నె, గట్టి మూత కొనుక్కోవాలి. ఇంకేదైనా తర్వాతే.

క్యాబేజీకి నేను కనిపెట్టిన దారి, సగం సన్నగా తరిగి బాగా కాలిన మూకుడులో ఐదారు నిమిషాలు, ఇంకా కరకరలాడుతుండగానే దింపేయడం. మిగతా సగం రెండోరోజు గుడ్లతో కలిపి అట్టులా. రెండు రోజుల్లో కాయ ఖాళీ. మూడోరోజు దాని మొహం చూడాల్సిన పని లేదు.

తాజాగా_తినాలి:
ఎవరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఫ్రీజర్లో పెట్టి తినడం, నిన్నటిది ఇవాళ తినడం, దీన్ని ఇంటి వంట అంటారా? బయటి నుంచి తెప్పించుకున్నా ఇంతే కదా. ఎవరో ఎప్పుడో వండింది వేడిచేసుకుని తినడమే. నేను ఏ పూటకి ఆ పూటే వండుతాను. పప్పు, ఒక కూర, అన్నం. ముప్పావు గంట. పెద్ద కష్టమేం కాదు.

రోజుకోకూర:
ముప్పావు గంట మీకు కష్టం కాదు, సంతోషం. నాకు మాత్రం ఆ పావుగంట తేడాలోనే పిల్లాడి హోంవర్కు ఉంది :)

లెక్కలమనిషి:
తాజాగా గారూ, రుచి విషయంలో మీతో వాదించను. డబ్బు విషయం మాత్రం చెప్తాను. ఇంటి తిండి ఖరీదు పెరిగేది తిన్నదాని వల్ల కాదు, తినకుండా పారేసినదాని వల్ల. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోంచి వచ్చిందే, మిగతాది హోటళ్లదీ దుకాణాలదీ. అంటే మన ఫ్రిజ్‌లో అడుగు అరలో వాడిపోయిన ఆకుకూర, సగం వాడి మర్చిపోయిన సీసాలు, మిగిలిన అన్నం.

అందుకే "చవకైన వంటకం" అనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒక వంటకం కోసం కొత్తిమీర కట్ట కొని రెండు రెమ్మలు వాడి మిగతాది పారేస్తే అది చవక కాదు. ఏది కొన్నా రెండు పూటల్లో వాడే దారి తెలిసుంటేనే కొనాలి. అదే మా ఇంటి రూలు.

రెండోది, ఎండు గింజలు. ఉడికాక శనగలైనా, బీన్స్ అయినా బరువులో రెండింతలకి పైనే అవుతాయి. డబ్బాలో వచ్చే ఉడికినవి కొంటే నీళ్లకి కూడా డబ్బిస్తున్నట్టే. పప్పు పొడిగా ఉన్నప్పుడు దాదాపు పావువంతు ప్రోటీనే. గుడ్డు ఒకటికి ఆరు గ్రాములు. ఈ రెండూ ఇంట్లో ఉంటే మాంసం లేని రోజు లోటేమీ కనబడదు.

పాతకుక్కర్:
గింజల మాట వచ్చింది కాబట్టి పెద్దదాన్ని, నాలుగు ముక్కలు చెప్తాను. అమ్మాయిలూ అబ్బాయిలూ కుక్కర్‌కి భయపడకండి. మూత లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 దగ్గర కాక 120 డిగ్రీల దాకా వెళ్లి మరుగుతాయి. మామూలు గిన్నెలో గంటన్నర తీసుకునే నానిన శనగలు 20 నిమిషాల్లో మెత్తబడటం అందుకే. దీని తాతని 1679లోనే డెనిస్ పాపిన్ అనే ఆయన తయారుచేశాడు. అప్పటి నుంచీ మూత ఎగిరిపోతుందేమోననే భయం మాత్రం మనుషుల్ని వదల్లేదు. ఆవిరి గొట్టంలో గింజ ఇరుక్కోలేదని వెలుతురుకి పట్టి చూసుకోండి, మూడింట రెండొంతులకి మించి నింపకండి. గింజలు, పప్పులైతే సగం దాకే, అవి పొంగుతాయి.

ఒకే మంట మీద రెండు పనులు అవ్వాలంటే అడుగున పప్పు, దాని మీద స్టాండు పెట్టి గిన్నెలో బియ్యం. పప్పులో ఎర్రపప్పు, అంటే మసూర్ పప్పు అయితే నానబెట్టే పని కూడా లేదు. కుక్కర్ లేకపోయినా మామూలు గిన్నెలో 15, 20 నిమిషాల్లో చితికిపోతుంది. అలిసిపోయి వచ్చిన రోజు నా చెయ్యి దాని డబ్బా మీదికే పోతుంది.

ఇంకోటి. గింజలు ఉడకముందే టమాటా, నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు పడితే ఓ పట్టాన మెత్తబడవు. "గింజలు పాతవమ్మా, ఉడకట్లేదు" అంటారు. పాతవైతే అలా అవుతుంది, నిజమే. కానీ చాలాసార్లు తప్పు పులుపుది. ఉడికాకే పులుపు వేయండి. ఉప్పు మాత్రం నానబెట్టే నీళ్లలోనే వేసుకోవచ్చు, పైతొక్క మెత్తబడుతుంది.

నైట్‌షిఫ్ట్:
నాకు స్లో కుక్కర్ ఉంది, తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె. పొద్దున్న వచ్చి రాజ్మా అందులో పడేసి పడుకుంటే సాయంత్రానికి రెడీ అవుతుందని ఎవరో చెప్పారు. ఇంతకన్నా సులువైన వంట లేదు కదా? ఎవరైనా చేస్తున్నారా?

గరిటెపట్టినవాడు:
నైట్‌షిఫ్ట్ బ్రో, పచ్చి రాజ్మాని నేరుగా స్లో కుక్కర్‌లో వేయొద్దు. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమగ్లూటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కళపెళ మరిగితేనే అది చచ్చేది. స్లో కుక్కర్ వేడి ఆ స్థాయికి పోదు. పైగా తక్కువ వేడిలో సగం ఉడికితే ఆ విషం పచ్చి గింజలకన్నా పెరుగుతుంది.

కనీసం ఐదు గంటలు నానబెట్టు, ఆ నీళ్లు పారబొయ్యి, కొత్త నీళ్లలో కళపెళ మరిగించు. 10 నిమిషాలు కనీసం, అమెరికా ఆహార, ఔషధ సంస్థ అరగంట మరిగించమంటుంది. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో వేసి హాయిగా పడుకో. కుక్కర్‌లో విజిల్స్ తెప్పించి మెత్తగా ఉడికించేవాళ్లకి ఈ బాధ లేదు. డబ్బాలో కొన్నవి ముందే ఉడికినవి, వాటికీ భయం లేదు.

నైట్‌షిఫ్ట్:
వామ్మో. మంచి టైముకి అడిగాను. ఎర్రపప్పుకి ఈ గొడవ లేదు కదా?

పాతకుక్కర్:
లేదు నాయనా. కడిగి పెట్టేయ్.

చూసిపోయేదాన్ని:
చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇప్పుడే. మేము రాత్రి అన్నం ఎక్కువ వండి గిన్నెలోనే మూతపెట్టి పొయ్యి మీదే వదిలేస్తాం. పొద్దున్న దాన్ని వేయించి డబ్బాల్లోకి. ఉల్లి, గుడ్డు, ఉన్న కూరముక్కలు, 10 నిమిషాల పని. రోజుకోకూర గారికి ఇది పనికొస్తుందేమో.

లెక్కలమనిషి:
అన్నం వేయించే ఆలోచన బంగారం. రాత్రంతా బయట వదలడం మాత్రం వద్దండి. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. గోరువెచ్చగా గంటలు గంటలు ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. పొద్దున్న ఎంత వేయించినా జీవి చస్తుందేమో గానీ ఆ విషం పోదు.

తాజాగా_తినాలి:
మా పెద్దవాళ్లు జీవితమంతా అలాగే తిన్నారు. ఏమీ కాలేదు.

లెక్కలమనిషి:
కాకపోవచ్చు. ప్రతిసారీ అవుతుందని ఎవరూ అనలేదు. అయిన రోజున "రాత్రి ఏదో పడలేదు" అనుకుని ఊరుకున్నవాళ్లూ ఉంటారు. అయినా పూటకి పూట వండేవారు మీరు, మీకు ఈ సమస్యే రాదు కదా. ఈ ఒక్క విషయంలో మీ పద్ధతే నెగ్గింది, ఒప్పుకుంటున్నా :)

చల్లపెట్టె:
ఇందులో చెయ్యాల్సింది చాలా చిన్న పని. వడ్డన అవగానే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచేయండి. ఆవిరి ఆరగానే, గంటలోపే, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి. గిన్నెలో ముద్దగా ఉంటే మధ్యలో వేడి గంటల తరబడి పోదు, అసలు చిక్కు అదే. మర్నాడు వాడేయండి. ఫ్రిజ్‌లో చల్లబడిన అన్నం పొడిపొడిగా విడుతుంది కాబట్టి వేయించడానికి అదే బాగుంటుంది. వేడిచేసేటప్పుడు పొగలు కక్కేదాకా, ఒక్కసారే.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తా. వెల్లుల్లి నూరి నూనెలో ముంచి, బయట అల్మారాలో సీసాలో పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అది ప్రమాదం. గాలి తగలని చోట బొటులిజం అనే తీవ్రమైన జబ్బు తెచ్చే జీవి పెరుగుతుంది, వాసనలో తేడా కూడా తెలియదు. నూరిన వెల్లుల్లిని చిన్న గడ్డలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

చూసిపోయేదాన్ని:
పళ్లెంలో ఆరబెట్టడం మంచి ఆలోచన. ఇవాళ్టి నుంచే.

ఇద్దరమే:
సరే, భయాలు పక్కన పెట్టి తిండి దగ్గరికి వద్దాం. మా ఇద్దరికీ తరచుగా అయ్యేది ఇది. బంగాళాదుంపలు వేలి కణుపంత ముక్కలు, ఉప్పునీళ్లలో 10 నిమిషాలు. అదే గిన్నెలో చివరి మూడు నిమిషాలు ఫ్రీజర్ బఠాణీ గుప్పెడు. నీళ్లు వంచేసి, కాలిన మూకుడులో నూనె పోసి ముక్కలు ఒక వరసలో పరచడం. కదపకూడదు. అందరూ ఇక్కడే ఆత్రపడతారు, గరిటె పెట్టి తిప్పేస్తారు. అడుగు ఎర్రబడి దానంతట అదే మూకుడు వదులుతుంది, అప్పుడు తిప్పాలి. మూకుడు ఇరుకైతే ముక్కలు ఒకదాని ఆవిరిలో ఒకటి ఉడుకుతాయి తప్ప వేగవు. రెండు విడతలుగా వేయించినా నష్టం లేదు. పైన ఉడికించిన గుడ్డు, నిమ్మరసం, మిరియాలు. తోమాల్సినవి గిన్నె, మూకుడు, రెండు కంచాలు.

ఫ్రీజర్ బఠాణీని చిన్నచూపు చూడకండి. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి గడ్డకట్టిస్తారు. కాలం కాని కాలంలో దొరికే వాడిపోయిన కాయలకన్నా నయం, వలిచే పనీ లేదు.

రోజుకోకూర:
అందరికీ బోలెడు థాంక్స్. మా పరిస్థితికి ఇలా అనుకుంటున్నాం. సెలవు రోజు ఉల్లి-టమాటా ముద్ద మావారి పని, శనగలు కుక్కర్లో పెట్టడం నా పని. వారంలో ఒకరోజు గుడ్లు, ఒకరోజు శనగలు, ఒకరోజు ఎర్రపప్పు, ఒకరోజు ఇద్దరమే గారి దుంపలు. మిగిలిన రోజులు ఫ్రిజ్‌లో ఏదుంటే అది. వచ్చిన వెంటనే, చెప్పులు విప్పుతూనే, అన్నం పొయ్యి మీద పెట్టేస్తే మిగతాది దాని వెనకే నడుస్తుందనిపిస్తోంది.

ఇక మా చిన్నాడి గొడవ. కూరలో ముక్క కనిపిస్తే కంచం తోసేస్తాడు. పెద్దదేమో కారం లేకపోతే తినదు. ఒక్క వంటతో ఇద్దర్నీ ఎలా?

పాతకుక్కర్:
ఇద్దరికి రెండు వంటలు మాత్రం మొదలుపెట్టకు తల్లీ, ఇక అది ఆగదు. కారం ఆఖర్న వెయ్యి. చిన్నాడికి తీసి పక్కన పెట్టాక, మిగిలినదాంట్లో మిరపకాయలు వేయించి కలుపు. ముక్కల సంగతికొస్తే, ఆ ఉల్లి-టమాటా ముద్దని ఒకసారి మిక్సీలో తిప్పేస్తే ముక్కే కనబడదు. కలిపేసిన అన్నం వద్దంటే అన్నం, పప్పు, గుడ్డు విడివిడిగా పెట్టు. వాడే కలుపుకుంటాడు. పిల్లలకి తమ చేత్తో కలుపుకున్నది వేరే రుచి.

గరిటెపట్టినవాడు:
అక్క చెప్పినదానికి తోడు, పప్పు మీద తినేటప్పుడే నిమ్మకాయ పిండండి. పప్పులో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి కావాలి. టీ మాత్రం భోజనంతోపాటు తాగొద్దు, అది అడ్డం పడుతుంది.

తాజాగా_తినాలి:
సరే, ఫ్రీజర్ మీద నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ ఉల్లిముద్దని ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుకోవచ్చా? అదైతే చేసి చూస్తాను.

చల్లపెట్టె:
మూడు రోజులు హాయిగా ఉంటుందండీ, ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉంటే. తడి గరిటె పెట్టకండి. డబ్బాలో మూడో రోజుకి కొంచెం మిగిలితే చారులోనో పప్పులోనో కలిపేయండి. ఫ్రీజర్ వైపు మిమ్మల్ని లాగను, మాటిస్తున్నా.

నైట్‌షిఫ్ట్:
ఎర్రపప్పు పెట్టాను. పడుకోబోయే ముందు 20 నిమిషాల్లో అయిపోయింది. స్లో కుక్కర్ ఎవరికైనా కావాలా?